నడకలు చదివిన కుర్రాడు

చిన్న టోపీ, చిట్టి మీసం, బిగుతు కోటు, వదులు ప్యాంటు, పాదాలకు రెండింతలున్న బూట్లు, చేతిలో వెదురు కర్ర. ఇంతవరకు చదవగానే మీలో చాలామంది ఆయన పేరు చెప్పేసి ఉంటారు. చార్లీ చాప్లిన్ సినిమా ఒక్కటీ పూర్తిగా చూడని పిల్లలు కూడా ఆ నడకను నడిచి చూపించగలరు. పాఠశాల వార్షికోత్సవంలో ఆ వేషం లేని సంవత్సరం ఉండదు.

రెండు మూడేళ్ళకొకసారి సామాను లారీకి ఎక్కించి, టీసీ చేతపట్టుకుని కొత్త ఊరికి వెళ్ళే మనలాంటి వాళ్ళకు ఆయన జీవితంలో ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. కొత్త ఊళ్ళో మొదటి కొన్ని రోజులు మనకు అక్కడి భాష రాదు. నోరు పనిచేయనప్పుడు కళ్ళు ఎక్కువ పనిచేస్తాయి. ఎవరు ఎలా నడుస్తున్నారు, ఔనంటే తల ఎటు ఊపుతున్నారు, కోపం వస్తే చేతులు ఎక్కడ పెట్టుకుంటున్నారు అని గమనిస్తూ ఉంటాం. చాప్లిన్ విద్య మొత్తం అలాంటి చూపులోంచే పుట్టింది. చూసినదాన్ని అనుకరించి నవ్వించినప్పుడు ఆ నవ్వు ఎవరి మీద పడుతుంది అన్న ప్రశ్న మాత్రం ఆయనకు జీవితమంతా ఎదురవుతూనే వచ్చింది.

చార్లెస్ స్పెన్సర్ చాప్లిన్ 1889 ఏప్రిల్ 16న లండన్‌లో పుట్టాడు. తండ్రి పేరు కూడా చార్లెస్సే. తల్లి హన్నా. ఇద్దరూ మ్యూజిక్ హాళ్ళలో పాడేవారు. పాట, నాట్యం, హాస్యం, గారడీ అన్నీ ఒకే రాత్రి చూపించే ప్రదర్శనశాలలవి. సిడ్నీ అనే అన్న ఉండేవాడు, నాలుగేళ్ళు పెద్ద. చార్లీ పుట్టిన కొద్దికాలానికే తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి తాగుడుకు బానిసై 1901లో, నలభై ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు.

చార్లీ చిన్నతనంలో ఎన్నో ఇళ్ళు మారాడు. మనం ఇల్లు మారితే చేతిలో బదిలీ ఉత్తర్వు ఉంటుంది, అక్కడ ఒక క్వార్టరు, ఒక బడి మనకోసం ఎదురుచూస్తుంటాయి. వాళ్ళు మారింది అద్దె కట్టలేక. ప్రతిసారీ గది ఇంకొంచెం ఇరుకైపోయేది, సామాను ఇంకొంచెం తగ్గిపోయేది.

అయిదేళ్ళ వయసులో చార్లీ మొదటిసారి రంగస్థలం మీద నిలబడ్డాడు. ఆల్డర్‌షాట్ అనే ఊళ్ళో, సైనికులు ఎక్కువగా వచ్చే ప్రదర్శనశాలలో తల్లి పాడుతోంది. అప్పటికే ఆమె గొంతు దెబ్బతిని ఉంది. పాట మధ్యలో గొంతు పగిలిపోయింది. జనం గోల చేశారు. ఆమె లోపలికి వచ్చేసింది. ఏం చేయాలో తోచని మేనేజరు పక్కనే నిలబడ్డ పిల్లవాణ్ణి చేయిపట్టి వేదిక మీదకు తీసుకువెళ్ళాడు. చార్లీ పాడాడు. జనం చిల్లర విసిరారు. వాడు పాట ఆపి, ముందు డబ్బులు ఏరుకుని తర్వాత పాడతానని చెప్పేసరికి హాలంతా నవ్వులతో నిండిపోయింది. ఆ ఉత్సాహంలో తల్లి పాడే పాటలు కూడా పాడాడు. పాడుతూ పాడుతూ, ఆమె గొంతు ఎక్కడ పగులుతుందో సరిగ్గా అక్కడ తన గొంతునూ అలాగే పగలగొట్టాడు. జనం ఇంకా నవ్వారు. అతనికి తెలిసింది అమ్మ పాట ఒక్కటే. ఆ పాటలో పగులు కూడా ఒక భాగమనుకున్నాడు. చాప్లిన్ తన ఆత్మకథలో ఈ సంగతి రాసుకున్నాడు. కొడుకు తొలిసారి వేదికెక్కిన ఆ రాత్రే తల్లి చివరిసారి వేదికెక్కిందని కూడా రాశాడు.

ఏడేళ్ళకు, 1896లో, తల్లీపిల్లలు లాంబెత్‌లోని వర్క్‌హౌస్‌కు చేరారు. దిక్కులేని పేదలకు తిండి, నీడ ఇచ్చి బదులుగా పని చేయించుకునే శరణాలయమది. అక్కడ తల్లిని, పిల్లలను వేరువేరు విభాగాల్లో ఉంచేవారు. అక్కడి నుంచి చార్లీని హాన్‌వెల్ అనే చోట పేదపిల్లల వసతి పాఠశాలకు పంపారు. తామర సోకితే జుట్టంతా గొరిగి తలకు మందు పూశారు. తర్వాత కొంతకాలానికి తల్లికి మతిస్థిమితం తప్పింది. ఆమెను ఆసుపత్రిలో చేర్చడం, నయమై ఇంటికి రావడం, మళ్ళీ చేర్చడం ఇలా ఏళ్ళ తరబడి సాగింది. పద్నాలుగేళ్ళ వయసులో చార్లీయే ఆమెను చేయిపట్టి ఆసుపత్రికి నడిపించుకు వెళ్ళాడు.

ఆమె బాగున్న రోజుల్లో ఆ ఇంట్లో ఒక బడి నడిచేది. పుస్తకాలు లేని బడి. తల్లి కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళను చూస్తూ, వాళ్ళు ఏమనుకుంటున్నారో, ఎక్కడి నుంచి వస్తున్నారో తన ముఖంతో, చేతులతో చేసి చూపించేది. పొరుగాయన కాళ్ళీడ్చుకుంటూ, పాలిష్ లేని బూట్లతో వెళుతుంటే, ఇంట్లో భార్యతో గొడవపడి, తినకుండా బయలుదేరాడని చెప్పేది. తర్వాత విచారిస్తే అది నిజమే అయ్యేది. మనుషులను చూడటం, నడకను బట్టి మనసును చదవటం తల్లి దగ్గరే నేర్చుకున్నానని పేరొచ్చాక చాప్లిన్ చెప్పాడు.

ఆ బడిలో మరో పాఠం కూడా ఉంది. వాళ్ళ పేటలోనే రమ్మీ బింక్స్ అని ఒక ముసలాయన ఉండేవాడు. మద్యం దుకాణం ముందు బండివాళ్ళ గుర్రాలను పట్టుకుని నిలబడి, వాళ్ళిచ్చే చిల్లరతో బతికేవాడు. కాళ్ళు బాగాలేక, పెద్ద బూట్లలో అడుగులు ఈడుస్తూ నడిచేవాడు. చార్లీ ఆ నడకను అచ్చు గుద్దినట్టు ఇంట్లో నడిచి చూపించాడు. ఒకరి కష్టాన్ని అలా అనుకరించడం క్రూరమని తల్లి వారించింది. వారిస్తూనే నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకున్నట్టు ఏప్రాన్ అంచు కుక్కుకుంది. తప్పని తెలుసు, నవ్వూ ఆగదు. మనలో ఎవరికి తెలియదు ఆ అవస్థ! తరగతిలో ఎవరైనా మాస్టారి నడకనో, కొత్తగా వచ్చిన పిల్లవాడి యాసనో అనుకరిస్తే మనమూ అలాగే నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఉంటాం.

తొమ్మిది పదేళ్ళ వయసులో చార్లీ ‘ఎయిట్ లాంకషైర్ ల్యాడ్స్’ అనే బాలల నృత్య బృందంలో చేరాడు. కొయ్య అడుగులున్న బూట్లతో తాళం వేస్తూ ఆడే నృత్యమది. బృందం ఊరూరా తిరిగేది. ఏ ఊరు వెళితే ఆ ఊరి బడికి పిల్లలను పంపేవారు. ఇక్కడ ఒక వారం, అక్కడ ఒక వారం. అలా చదివితే చదువు ఏపాటి వస్తుందో ఊహించండి. మనకు కనీసం సిలబస్ అయినా ఒకటే ఉంటుంది! కొన్నేళ్ళ తర్వాత ఒక నాటకంలో కుర్రవాడి వేషం దొరికినప్పుడు సరిగా చదవడం రాక, అన్న సిడ్నీ చదివి వినిపిస్తుంటే సంభాషణలు కంఠస్థం చేశాడు.

అనుకరణలో అతనికి మొదట దక్కినవి చప్పట్లు కావు. బ్రాన్స్‌బీ విలియమ్స్ అనే నటుడు డికెన్స్ నవలల్లోని పాత్రలను అనుకరిస్తుంటే చూసి, చార్లీ ఆ అనుకరణనే అనుకరించాడు. తోటి పిల్లల ముందు బాగానే వచ్చింది. బృందం యజమాని మురిసిపోయి, వేదిక మీద ముసలి తాత వేషం వేయించాడు. విషాద పాత్ర కదా అని చార్లీ గుసగుసలాడినట్టు మాట్లాడాడు. వెనక వరుసలకు వినిపించలేదు. జనం కాళ్ళతో నేల తన్నారు. ఆ ప్రయోగం అంతటితో సరి.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. ఇరవై ఏళ్ళు నిండకముందు, తూర్పు లండన్‌లో యూదులు ఎక్కువగా నివసించే పేటలో, ఒక యూదు హాస్యగాడి వేషం కట్టాడు. గడ్డం అంటించుకున్నాడు, ఎక్కడో చదివిన పాత హాస్యోక్తులు, పట్టుబడని యాస. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఏ జనాన్ని అనుకరిస్తున్నాడో ఆ జనమే. చిల్లర నాణేలు, నారింజ తొక్కలు వేదిక మీదకు వచ్చిపడ్డాయి. మళ్ళీ ఆ హాలు గడప తొక్కలేదు. తనకు తెలియకుండానే ఆ హాస్యం ఒక జాతిని అవమానించేదిగా ఉందని ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నాడు. రమ్మీ బింక్స్‌ను రోజూ చూశాడు కాబట్టి ఆ నడకలో ఒక మనిషి ఉన్నాడు. ఈ వేషంలో మాత్రం మనిషి లేడు, గడ్డమే ఉంది.

1908లో ఫ్రెడ్ కార్నో అనే ప్రసిద్ధ నిర్వాహకుడి హాస్య బృందంలో చేరాక దశ తిరిగింది. కార్నో బృందం చేసేది ఎక్కువగా మూకాభినయం. మాట లేకుండా ఒళ్ళంతా మాట్లాడాలి. ఆ బృందంతోనే రెండుసార్లు అమెరికా వెళ్ళాడు. రెండో పర్యటనలో కీస్టోన్ అనే సినిమా సంస్థ వారానికి 150 డాలర్లకు ఆయనను తీసుకుంది. దాని అధిపతి మాక్ సెనెట్.

కీస్టోన్‌వారి పద్ధతి విచిత్రం. పూర్తి కథ రాసుకునే అలవాటు లేదు. ఊళ్ళో ఎక్కడ ఊరేగింపు జరిగితే, ఎక్కడ పందేలు జరిగితే అక్కడికి కెమెరా, నటులు వెళ్ళిపోయేవారు. జనానికి కూలి ఇవ్వక్కర్లేదు, సెట్టు కట్టక్కర్లేదు. అయితే అందులో కష్టాలూ ఉన్నాయి. అప్పటి కెమెరాను మూడు కాళ్ళ స్టాండు మీద పెట్టి చేత్తో తిప్పాలి, దాచడం కుదరదు. కెమెరా కనబడితే జనం నటులను వదిలి కెమెరానే చూస్తారు. అలా చూస్తే కథ నిజమన్న భ్రమ పోతుంది. జరుగుతున్న పందెం మన కోసం ఆగదు, మళ్ళీ మొదటి నుంచి జరగదు. పైగా చుట్టూ ఉన్నవాళ్ళు డబ్బిచ్చి నవ్వడానికి వచ్చినవాళ్ళు కారు. ఎవడో అడ్డం వస్తున్నాడని విసుక్కోవచ్చు, తోసేయవచ్చు.

1914 జనవరిలో కాలిఫోర్నియాలోని వెనిస్ అనే సముద్రతీరపు ఊళ్ళో పిల్లల బొమ్మ కార్ల పందేలు జరిగాయి. ఎత్తైన వాలు మీద నుంచి కార్లను వదిలితే దొర్లుకుంటూ వీధిలోకి వస్తాయి. చూడటానికి జనం రెండు వైపులా బారులు తీరారు. దర్శకుడు హెన్రీ లెర్మన్, చాప్లిన్, కెమెరావాళ్ళు అక్కడికి వెళ్ళారు. చాప్లిన్ ఒంటి మీద అప్పుడే కొత్తగా కుదిరిన వేషం ఉంది. ప్యాంటు వదులు, కోటు బిగుతు, టోపీ చిన్నది, బూట్లు పెద్దవి. ఏదీ దేనికీ పొంతన కుదరకూడదన్నది ఆయన ఆలోచన. వయసు ఎక్కువ కనబడాలని, అయితే ముఖకవళికలు దాగకూడదని చిన్న మీసం పెట్టుకున్నాడు. ఆ బూట్లలో వేసిన అడుగులు రమ్మీ బింక్స్‌వి.

ఆ సినిమాలో కథ ఇంతే. ఒక కెమెరామన్ పందెం చిత్రీకరిస్తుంటాడు. ఈ వింత మనిషి మాటిమాటికీ కెమెరా ముందుకు వచ్చి నిలబడతాడు. దర్శకుడి పాత్రలో ఉన్న లెర్మన్ తోసేస్తాడు. పక్కకు వెళ్ళినట్టే వెళ్ళి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ వస్తాడు. ఈ తతంగమంతా ఇంకో కెమెరా తీస్తుంటుంది. జనం కెమెరా వైపు చూస్తారన్న ఇబ్బందినే వాళ్ళు కథగా మార్చుకున్నారు. కెమెరా కనబడితే మనిషి ఎలా మారిపోతాడు అన్నదే అక్కడి హాస్యం. ఇప్పుడు ఏ పెళ్ళిలో చూసినా, ఏ టీవీ విలేకరి వెనక చూసినా అలాంటి మనిషి ఒకడు మనకు కనిపిస్తూనే ఉంటాడు.

‘కిడ్ ఆటో రేసెస్ ఎట్ వెనిస్’ అనే ఆ చిన్న సినిమా 1914 ఫిబ్రవరి 7న విడుదలైంది. పది నిమిషాలు కూడా ఉండదు. ఆ వేషం ప్రపంచానికి మొదటిసారి కనబడింది అందులోనే. దాన్ని చూసేటప్పుడు చాప్లిన్‌ను కాసేపు వదిలి, వెనక నిలబడ్డ జనం ముఖాలు చూడండి. వాళ్ళు నటులు కారు. వీడెవడు, ఎందుకు అడ్డం వస్తున్నాడు అన్నట్టు కొందరు చూస్తుంటారు, కొందరికి నవ్వు వస్తుంటుంది. చార్లీ చాప్లిన్‌ను చూసి నవ్విన మొదటి ప్రేక్షకుల్లో వాళ్ళున్నారు, వాళ్ళకు ఆ పేరైనా తెలియదు.

ఇక్కడ మనం గమనించవలసింది ఇంకొకటి ఉంది. ఆ వీధిలో వందలాది మనుషులున్నారు. లావుపాటివాళ్ళు, ముసలివాళ్ళు, వింత టోపీల వాళ్ళు. ఎవరినైనా వెక్కిరించి నవ్వించవచ్చు. చాప్లిన్ ఆ పని చేయలేదు. తోపులు తిన్నది తాను, కింద పడింది తాను. వీధి మొత్తానికి నవ్వులపాలైనవాడు ఒక్కడే, వాడు తన ఇష్టంతోనే అందుకు ఒప్పుకున్నవాడు. మన తెలుగు పల్లెల్లో వీధివీధినా తిరిగే పగటివేషగాళ్ళు కూడా ముందు తమ ఒంటి మీదే వేషం కట్టుకుంటారు కదా. (పందెం దారిలో కార్లకు అడ్డం నడవడం మాత్రం ఎవరూ అనుకరించకండి.)

తర్వాత రెండేళ్ళలో పరిస్థితి తలకిందులైంది. 1916లో ఆయన జీతం వారానికి 10,000 డాలర్లు. ఆ ఏడాది రైల్లో న్యూయార్క్ వెళుతుంటే దారి పొడవునా స్టేషన్లలో జనం. న్యూయార్క్‌లో గుంపును అదుపు చేయలేమని, ముందు స్టేషన్‌లోనే దిగిపొమ్మని పోలీసులు కబురు పంపారు. వెనిస్ వీధిలో ఎవరికీ తెలియని మనిషి కాబట్టి ఆ సినిమా సాధ్యమైంది. ఇప్పుడు ఏ వీధిలో నిలబడినా జనం తమ పని మానేసి ఆయననే చూస్తారు. మనుషులను చూసి నేర్చుకున్నవాడికి మనుషులను తీరిగ్గా చూసే అవకాశమే పోయింది. 1917లో హాలీవుడ్‌లో సొంత స్టూడియో కట్టడం మొదలుపెట్టాడు. అక్కడ వీధులనే కట్టించాడు. 1921లో విడుదలైన ‘ది కిడ్’ కోసం వేయించిన పేదవాడి అటక గదిలో చిన్నప్పటి లండన్ గది పోలికలు కనిపిస్తాయి. ఆ ఏడాదే లండన్ వెళ్ళినప్పుడు గుంపులను తప్పించుకుని, తల్లితో ఉన్న పాత వీధులు వెతుక్కుంటూ వెళ్ళాడు. తల్లిని కాలిఫోర్నియాకు రప్పించుకున్నాడు. 1928లో చనిపోయేదాకా ఆమె అక్కడే ఉంది.

ఆమె పోయిన కొద్ది నెలలకు ‘సిటీ లైట్స్’ చిత్రీకరణ మొదలైంది. పూలమ్మే అంధురాలు ఒక దేశదిమ్మరిని ధనవంతుడని పొరబడే సన్నివేశం అందులో ఉంది. మాటలు లేని సినిమాలో ఆ పొరపాటు ఎలా జరగాలి? ఆ ఒక్క సన్నివేశాన్ని 342 సార్లు తీశారని చెబుతారు. చివరికి కారు తలుపు దొరికింది. రద్దీలో ఆగిన కారులోంచి దూరి అవతలికి దిగి తలుపు వేస్తాడు. ఆ చప్పుడు విని ఆమె కారున్న దొరగారనుకుంటుంది. వీధిలో ఒక్క అవకాశంతో తీసినవాడే, స్టూడియోలో వందల అవకాశాలు తీసుకున్నాడు. ఒక అంధురాలి మీద నవ్వు పడకుండా, ఆమె పొరపాటు మనకు బాధగా, ఆమె మీద గౌరవంగా మిగలడానికి అంత శ్రమ పట్టింది.

1931లో సిటీ లైట్స్ విడుదల కోసం ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు, రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీజీని సెప్టెంబరులో తూర్పు లండన్‌లోని ఒక చిన్న ఇంట్లో కలిశాడు. గాంధీజీ ఆయన సినిమాలు చూడలేదు. యంత్రాలను ఎందుకు వ్యతిరేకిస్తారని చాప్లిన్ అడిగితే, పరాయి పాలనలో ఉన్న దేశం తన బట్ట తాను నేసుకోవలసిన అవసరాన్ని గాంధీజీ వివరించారు. అయిదేళ్ళ తర్వాత వచ్చిన ‘మోడరన్ టైమ్స్’లో యంత్రం పళ్ళ చక్రాల మధ్య ఇరుక్కున్న కార్మికుణ్ణి చూస్తే ఆ సంభాషణ మనకు గుర్తుకు వస్తుంది.

చాప్లిన్ చేసిన అతి పెద్ద అనుకరణ 1940లో వచ్చిన ‘ది గ్రేట్ డిక్టేటర్’. హిట్లర్ ఆయనకన్నా నాలుగు రోజులే చిన్న. మీసం కూడా అలాంటిదే. న్యూస్‌రీళ్ళు చూసి హిట్లర్ చేతులు, గొంతు, వంగడం, గర్జించడం అన్నీ పట్టుకున్నాడు. జర్మన్‌లా వినిపించే, అర్థంలేని శబ్దాలతో ఉపన్యాసం దంచాడు. అదే సినిమాలో యూదు క్షురకుడి పాత్ర కూడా ఆయనదే. తొక్కలు తిన్న ఆ రాత్రికి, ఈ పాత్రకు మధ్య మూడు దశాబ్దాలకు పైగా దూరం ఉంది. ఈసారి గడ్డం వెనక మనిషి ఉన్నాడు, నవ్వు మాత్రం అధికారంలో ఉన్నవాడి మీద పడింది. నాజీ శిబిరాల్లో జరిగిన ఘోరాలు అప్పుడే తెలిసి ఉంటే ఆ సినిమా తీయగలిగేవాణ్ణి కాదని కూడా ఆయన తర్వాత రాశాడు. నవ్వుకూ ఒక హద్దు ఉందని ఆయన ఎరుగు.

1952లో అమెరికా ప్రభుత్వం ఆయన తిరిగి రావడానికి ఉన్న అనుమతిని రద్దు చేసింది. చివరి బదిలీ అనుకోండి, స్విట్జర్లాండ్‌లో స్థిరపడ్డాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1972లో, అదే అమెరికా పిలిచి గౌరవ ఆస్కార్ ఇచ్చింది. హాలంతా లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొడుతూనే ఉంది. 1977లో క్రిస్మస్ నాడు, 88 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

పిల్లలూ, ఇప్పుడు మన ఇళ్ళలో ఫోన్ అంటే కెమెరానే. సంతలో, రైల్వే ప్లాట్‌ఫారం మీద, బడి బస్సులో ఎవరైనా నవ్వు పుట్టించే వీడియో తీయవచ్చు. దాని ముందు నిలబడ్డ పెద్దాయనకు తాను కెమెరాలో ఉన్నానన్న సంగతే తెలియకపోవచ్చు. అలాగే తరగతిలో మన తెలుగునో, మన హిందీనో ఎవరైనా అనుకరించినప్పుడు ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు. మనమూ ఏదో ఒక ఊళ్ళో కొత్తవాళ్ళమే. మిమిక్రీ వద్దని మేము చెప్పం. వార్షికోత్సవంలో మా నడకలు మీరు నడిచి చూపిస్తే మేమూ నవ్వుతాం. ముందు వరుసలో మమ్మల్ని కూర్చోబెట్టి చూపించండి, అంతే.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ క్వార్టరు కిటికీ దగ్గర పది నిమిషాలు కూర్చోండి. ఫోన్ పక్కన పెట్టండి. దారిన పోయే ఒక్కరి నడక చూసి, వాళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నారో, ఎందుకంత తొందరో, ఎందుకంత నెమ్మదో ఊహించి అయిదు వాక్యాలు రాయండి. బడి తెరిచాక తెచ్చి చూపించండి.